మార్కెట్ ఆకుకూర మీద నమ్మకం పోయినందుకే ఈ దీపాల తోటలు

సంపాదకులకు,

అయ్యా,

ఇంటి లోపల పెంచుకునే తోటల గురించి గత ఆదివారం మీ అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని ఆసక్తితో చదివాను. మట్టి, ఎండ అక్కర లేకుండా వంటగది గట్టు మీద ఎల్ఈడీ దీపం కింద, పోషకాలు కలిపిన నీళ్ళలో ఆకుకూరలు పెంచే పెట్టెలను నగర యువత, అందులోనూ శాకాహారులు, ఇష్టంగా కొంటున్నారనీ, దీనికి కారణం వారిలో పెరిగిన ఆరోగ్య స్పృహ అనీ అందులో రాశారు. మొదటి మాటకు మా అపార్టుమెంటే సాక్ష్యం. రెండో మాటతోనే నాకు పేచీ. నల్గొండ, ఖమ్మం జిల్లాల్లో ముప్పై మూడేళ్ళు వ్యవసాయ విస్తరణ పని, అంటే కొత్త పద్ధతులను రైతులకు చేరవేసే పని చేసి, ఇప్పుడు నిజాంపేటలో ఒక ఫ్లాటులో కాలక్షేపం చేస్తున్న నాకు, ఒక మనిషి కొత్త వస్తువును ఎందుకు చేపడతాడన్న ప్రశ్న ఉద్యోగం విడిచినా వదలని అలవాటు. కాబట్టి ఈ పెట్టె కొన్న నలుగురు పిల్లలతో తీరిగ్గా కూర్చుని మాట్లాడాను. వారిలో ఒకరు మా తమ్ముడి కూతురే. గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తూ మా దగ్గరే ఉంటుంది.

మా రోజుల్లో రాజేంద్రనగర్ శిక్షణలో మాకు మొట్టమొదట చెప్పే పాఠం అమెరికాలోని అయోవా రాష్ట్రపు సంకర మొక్కజొన్న కథ. బ్రైస్ రయన్, నీల్ గ్రాస్ అనే ఇద్దరు పరిశోధకులు అక్కడి రైతులను అడిగి, 1943లో ఒక సంగతి తేల్చారు. కొత్త విత్తనం గురించి రైతు మొదట విన్నది ఎక్కువగా అమ్మకందారు నోటి నుంచి. నమ్మింది మాత్రం పక్క చేను రైతును చూసి. 1962లో ఎవరెట్ రోజర్స్ ఈ ఆలోచనను ఇంకా విస్తరించి, కొత్తది చేపట్టే ముందు మనిషి చూసే గుణాలు ఐదని చెప్పారు: పాతదానికంటే మేలు కనబడాలి, తన బతుకు తీరులో ఇమడాలి, చేయడం కష్టం కాకూడదు, కొంచెం చేసి చూడడానికి వీలుండాలి, ఫలితం నలుగురి కంట పడాలి. చౌటుప్పల్ రైతుకు కొత్త వరి వంగడం గురించి చెప్పడానికి పనికొచ్చిన ఈ లెక్క, పాతికేళ్ళ సాఫ్ట్‌వేరు పిల్ల ఆకుకూరల పెట్టె కొనడానికి కూడా అచ్చంగా సరిపోవడం చూసి నాకే ఆశ్చర్యం వేసింది. తేడా ఒక్కటే. అమ్మకందారు ఇప్పుడు మోటారు సైకిలు మీద రాడు, అరనిమిషం వీడియోగా ఫోనులోకి వస్తాడు. గింజ పగిలి, మొలక లేచి, ముప్పై రోజుల పెరుగుదల ముప్పై క్షణాల్లో కళ్ళ ముందు జరిగిపోతుంది. మధ్యలో వాడిపోయిన మొలక, పాచి పట్టిన నీళ్ళు, ఊరికెళ్ళి వచ్చేసరికి ఎండిపోయిన తొట్టి ఆ ముప్పై క్షణాల్లో ఎక్కడా ఉండవు.

అయినా ఆ వీడియో ఒక్కటే ఎవరి చేతా కొనిపించలేదు. మా మూడో అంతస్తు కుర్రాడు ఏడాది పాటు వాటిని చూస్తూనే ఉన్నాడు. కొన్నది మాత్రం తన ఆఫీసులో ఒక సహోద్యోగిని డబ్బాలో తాను పెంచిన పాలకూర తెచ్చి, పది మంది ముందు తిన్న రోజు సాయంత్రం. అది పక్క చేను రైతు ప్రభావమే. ఆ తరువాత అతని వంటగది కిటికీలో రాత్రి పదకొండు వరకు వెలిగే ఊదారంగు దీపాన్ని చూసి ఎదురు బ్లాకులో ఇద్దరు కొన్నారు. చేను రోడ్డు పక్కన ఉంటేనే ప్రదర్శన క్షేత్రం పెట్టేవాళ్ళం మేము. ఈ దీపాన్ని తయారు చేసినవారికి ఆ సూత్రం చెప్పవలసిన పని లేదనుకుంటాను.

ఇక అసలు కారణానికి వస్తాను. నలుగురిలో ఒక్కరు కూడా మొదటి మాటగా విటమిన్ల పేరు ఎత్తలేదు. నలుగురూ చెప్పిన మొదటి మాట ఒక్కటే: బయట ఆకుకూర కొనాలంటే భయం. ఆ భయంలో రెండు పాళ్ళున్నాయి. ఒకటి పురుగుమందు. రెండోది మూసీ. నగరం దాటాక పీర్జాదిగూడ, పర్వతాపురం వైపు మూసీ మురుగునీటితో పశుగ్రాసం, ఆకుకూరలు పండించే పొలాల సంగతి కొత్తది కాదు. అప్పట్లో పటాన్‌చెరులో కార్యాలయం ఉన్న అంతర్జాతీయ జల యాజమాన్య సంస్థ శాస్త్రవేత్తలు దాన్ని రెండు దశాబ్దాల నాడే పరిశీలించారు. అయితే నగరానికి వచ్చే ఆకుకూర అంతా అక్కడిదే కాదు. చేవెళ్ళ, శంకర్‌పల్లి, మొయినాబాద్, ఇబ్రహీంపట్నం వైపు నుంచి బావి నీళ్ళతో, బోరు నీళ్ళతో పండినది రోజూ తెల్లవారుజామున బస్తాల్లో దిగుతుంది. కానీ మియాపూర్‌లో తోపుడు బండి ముందు నిలబడ్డ పిల్లకు ఈ కట్ట చేవెళ్ళదో పర్వతాపురానిదో చెప్పగల ఆధారం ఏముంది? రెండు కట్టలూ ఒకేలా పచ్చగా ఉంటాయి, ఒకే నీళ్ళు చల్లించుకుని ఉంటాయి.

ఈ భయం మాంసం తినే యువతలో లేదని కాదు, శాకాహారిలో అది ఎక్కువ పదునుగా ఉంటుంది. ఎందుకో మా తమ్ముడి కూతురు చెప్పిన తీరు నాకు గుర్తుండిపోయింది. “పెదనాన్నా, మీ అందరికీ తోటకూర పక్కన పెట్టుకునే కూర. నాకు అదే కూర, అదే పప్పు, అదే పులుసు. అందులోనే విషం ఉంటే నేనింక ఏం తినాలి?” అంది. వారానికి రెండు పూటలు ఆకుకూర తినేవాడికి అనుమానం వస్తే మానేస్తాడు. రోజూ తినేవారికి మానేసే వెసులుబాటు లేదు. అందుకే ఆ అనుమానానికి తొమ్మిది వేల రూపాయల ఖర్చు పెద్దదిగా అనిపించదు.

శాకాహారి అన్న మాటను కూడా మీ వ్యాసం ఒకే ముద్దగా వాడింది. 2014లో కేంద్ర ప్రభుత్వపు నమూనా నమోదు వ్యవస్థ (ఎస్ఆర్ఎస్) కింద జరిగిన ప్రాథమిక సర్వే ప్రకారం, పదిహేనేళ్ళు దాటినవారిలో శాకాహారులు తెలంగాణలో నూటికి ఒకరికి కాస్త పైన, ఆంధ్రప్రదేశ్‌లో నూటికి ఇద్దరు కూడా లేరు. అంటే మన దగ్గర శాకాహారి అయిన యువకుడో యువతో నూటికి తొంభై ఎనిమిది మంది మాంసం తినే సమాజం మధ్య ఉంటున్నారు. వీరిలో పుట్టుకతో శాకాహారులు వేరు, ఉద్యోగం కోసం వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన శాకాహారులు వేరు, మా అమ్మాయి (తమ్ముడి కూతురే) లాగా ఇరవై రెండో ఏట తనంతట తాను మాంసం మానేసినవారు వేరు. మూడో రకం వారి పరిస్థితిని ఎవరూ రాయడం లేదు. ఇంట్లో ఆదివారం కోడికూర ఉడుకుతూనే ఉంటుంది. అదే గట్టు, అదే గరిటె, “నీ ఒక్కదాని కోసం వేరే కూర వండాలా?” అనే పెద్దమ్మ విసుగు, అంటే మా ఆవిడ విసుగు, ఇవన్నీ రోజూ ఉండేవే. అటువంటి ఇంట్లో గట్టు మీద జానెడు చోటు తీసుకున్న ఆ పెట్టె కూరగాయల కోసం మాత్రమే కాదు. ఇది నా తిండి, నా మూల అని నోరు తెరవకుండా చెప్పడానికి కూడా. ఆ పెట్టె వచ్చిన నెలలో మా ఇంట్లో తిండి మీద గొడవలు తగ్గాయి. మా ఆవిడే పొద్దున లేవగానే మొలకలు చూడటం మొదలుపెట్టింది. ఏ ప్రకటనలోనూ ఈ ప్రయోజనం గురించి నేను చదవలేదు.

మూడో కారణం ఇళ్ళ కట్టడంలో ఉంది. మిద్దెతోట ఈ నగరానికి కొత్త కాదు. తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారి వంటివారు దాన్ని వేలమందికి అలవాటు చేశారు. 2020 లాక్‌డౌన్‌లో ఎన్నో డాబాల మీద వంకాయ, బెండ కాశాయి. కానీ అది డాబా తనదైనవాడి తోట. నేటి యువత అద్దెకుండే అపార్టుమెంటుల్లో మిద్దెకు తాళం వేసి ఉంటుంది, తాళంచెవి సంఘం కార్యదర్శి దగ్గర ఉంటుంది. మిద్దె కారుతుందని ఒకరు, బరువెక్కువవుతుందని ఒకరు, దోమలొస్తాయని ఒకరు అభ్యంతరం చెబుతారు. వీటిలో నిజమూ ఉంది. తడిసిన మట్టి ఒక ఘనపు అడుగుకు నలభై ఐదు కిలోల వరకు తూగుతుంది. కానీ కొబ్బరి పొట్టు, వర్మికంపోస్టు కలిపిన గ్రోబ్యాగు బరువు దానికి చాలా తక్కువ. మిద్దె అంచున స్తంభాలూ దూలాలూ ఉన్న చోట వరుసగా పెట్టుకుంటే ఇబ్బంది ఉండదని కట్టిన ఇంజనీరును అడిగితే చెబుతాడు. అడిగే ఓపిక సంఘాలకు లేదు, అడిగించే హక్కు అద్దెకున్న పిల్లలకు లేదు. మిగిలిన బాల్కనీ ఏ ఉత్తరపు ముఖానో ఉండి రోజుకు గంట ఎండ పడదు. ఎండ రాని ఇంట్లో ఉన్నవారికి ఎండను అమ్మే వ్యాపారం ఇది. ఆ మాటకొస్తే ఇది చాలా న్యాయమైన అవసరం.

ఇక్కడే ఈ పెట్టెలు అమ్మేవారు కొనేవారికి చెప్పకుండా దాటవేసే విషయాలున్నాయి. వెలుతురును లక్సుల్లో కొలుస్తారు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నపు వెలుతురు లక్ష లక్సులు ఉంటుంది. కిటికీ ఉన్న హాల్లో పగటి వెలుతురు చాలాచోట్ల నాలుగైదు వందల లక్సులు దాటదు. మన కంటికి ఆ తేడా తెలియదు, మొక్కకు తెలుస్తుంది. ఆకుకూర బాగా పెరగడానికి పది వేల లక్సులకు పైన, రోజుకు పదిహేను పదహారు గంటల పాటు కావాలి. చౌక పెట్టెల దీపాలు గింజను మొలిపించడానికి సరిపోతాయి, ఆ తరువాత కాడ సాగి, ఆకు పలచబడి, మొక్క ఒరిగిపోతుంది. తక్కువ వెలుతురులో పెరిగిన ఆకులో నైట్రేటు పేరుకుంటుందన్న సంగతి కూడా తెలిసినదే. యూరోపియన్ యూనియన్ లెట్యూసుకు నైట్రేటు పరిమితి పెట్టినప్పుడు, వెలుతురు తక్కువగా ఉండే శీతకాలపు పంటకు వేసవి పంటకంటే ఎక్కువ పరిమితి ఇవ్వవలసి వచ్చింది. పురుగుమందు లేదన్న ఒక్క మాటతో ఆకు నాణ్యత తేలిపోదు.

మరో సంగతి, ఏ మొక్కలు అన్నది. పెట్టెతో పాటు వచ్చే గింజల గుళికల్లో లెట్యూసు, బేసిల్, పార్స్‌లీ ఉంటాయి. తోటకూర, గోంగూర, చుక్కకూర ఉండవు. దీన్ని కొందరు విదేశీ మోజు అంటారు, నేను అనను. లెట్యూసు చల్లదనాన్ని, మధ్యస్థమైన వెలుతురును ఇష్టపడే పొట్టి మొక్క, నలభై రోజుల్లో కోతకు వస్తుంది. మన ఎండలకు బయట పెడితే పూతకాడ లేచి చేదెక్కుతుంది. కాబట్టి హైదరాబాదు వేసవిలో దాన్ని లోపల పెంచడం సబబైన పనే. తోటకూర అట్లా కాదు. అది సీ-4 అనే రకం మొక్క, అంటే మొక్కజొన్న, చెరకు లాగా మండే ఎండను తినే మొక్క. గోంగూర ఆరడుగులు లేస్తుంది. పెట్టెలో దీపానికీ మొక్కకూ మధ్య దూరం అడుగున్నర. సంస్థలు తమ పెట్టెలో పెరిగేదాన్నే మనకు ఆరోగ్యంగా చూపిస్తున్నాయి. జాతీయ పోషకాహార సంస్థ పట్టికలు చూస్తే నూరు గ్రాముల తోటకూరలో మూడు వందల మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది, లెట్యూసులో అందులో నాలుగో వంతు కూడా లేదు. రాత్రి అన్నంలోకి పప్పుకూర కోరే మనిషి లెట్యూసు పెంచి ఏం చేసుకుంటాడన్నది కూడా ఆలోచించవలసిన విషయం. మూడో అంతస్తు కుర్రాడు మొదటి పంటను రెండు శాండ్‌విచ్‌లకు వాడి, మిగిలినది మా ఇంటికి ఇచ్చాడు. మా ఆవిడ దాన్ని పెసరపప్పులో వేసి, “ఇది కూరా, నీళ్ళా?” అంది.

దిగుబడి లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. మొక్కలు పెట్టే గుంటలు పన్నెండున్న పెట్టెలో మొక్కకు వంద గ్రాముల చొప్పున నలభై ఐదు రోజులకు కిలో రెండు వందల గ్రాములు వస్తాయనుకుందాం. ఇది మంచి దిగుబడే. రోజుకు ఇరవై ఏడు గ్రాములన్నమాట. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో రెండు వేల కేలరీల భోజనానికి కూరగాయలు, ఆకుకూరలు కలిపి నాలుగు వందల గ్రాములు, పండ్లు వంద గ్రాములు తినమంది. నాలుగు వందల్లో ఇరవై ఏడు! ఇక ఖర్చు. ఇరవై నాలుగు వాట్ల దీపం పదహారు గంటలు వెలిగితే నెలకు పదకొండున్నర యూనిట్లు. యూనిట్ ఎనిమిది రూపాయలు వేసుకున్నా తొంభై రెండు రూపాయలు. కరెంటు గురించి ఇంట్లో పెద్దలు పడే భయం అనవసరం. భయపడవలసింది పెట్టె ఖరీదు గురించి. తొమ్మిది వేల పెట్టె మూడేళ్ళు విరామం లేకుండా పని చేసినా, కరెంటు, పోషక ద్రావణం, గింజలు కలుపుకుంటే కిలో ఆకు నాలుగు వందల రూపాయలకు తక్కువ పడదు. ఈ లెక్క చెప్పాక కూడా నలుగురిలో ఎవరూ కొన్నందుకు బాధపడలేదు. డబ్బు ఆదా కోసం కొనలేదని వాళ్ళే అన్నారు. నేను ఉద్యోగంలో ఉండగా ఎకరాకు నికరాదాయం పెరుగుతుందని చెబితే చాలు, రైతు కదులుతాడనుకునేవాణ్ణి. ఈ కొనుగోలులో ఆ లెక్కకు చోటు లేదు.

“ఆర్గానిక్” అన్న ముద్ర గురించి ఒక మాట. పెట్టె మీద ఆ మాట చూసే తాను ఎంచుకున్నానని ఎదురు బ్లాకు అమ్మాయి చెప్పింది. నీళ్ళలో కలిపే పోషకాలు కాల్షియం నైట్రేటు, పొటాషియం నైట్రేటు, మెగ్నీషియం సల్ఫేటు వంటి లవణాలు. ఇవి విషాలు కావు, మొక్కకు కావలసినవే, నేను రైతుల చేత వేయించినవే. కానీ కృత్రిమంగా తయారైన నైట్రేటు ఎరువును సేంద్రియ ప్రమాణాలు ఒప్పుకోవు. యూరోపియన్ యూనియన్ 2018లో చేసిన సేంద్రియ చట్టం మట్టి లేని నీటి సేద్యాన్ని (హైడ్రోపోనిక్స్) సేంద్రియం కింద లెక్కించనే లెక్కించదు. పురుగుమందు కొట్టని పంట అని రాసుకుంటే నిజం. ఆ నిజమే చాలినంత గొప్పది. దానికి లేని పేరు తగిలించడం ఎందుకు?

అట్లాగే శాకాహారులకు కొరతగా ఉండే బీ-12 విటమిన్ ఏ ఆకులోనూ దొరకదు. అది పాలు, పెరుగు నుంచో, వైద్యుడు చెప్పిన మాత్ర నుంచో రావాలి. పాలు కూడా మానేసిన పిల్లలు ఇంట్లో తోట ఉందన్న ధీమాతో దీన్ని మరిచిపోవడం నేను చూశాను.

ఈ పెట్టెలు పుట్టి పెరిగిన అమెరికాలో వీటి అవసరం వేరు. అక్కడి ఉత్తర రాష్ట్రాల్లో ఉన్న మనవాళ్ళు డిసెంబరు రాగానే కరివేపాకు మొక్కను కుండీతో సహా ఇంట్లోకి మోసి, దీపం కింద పెట్టి వసంతం దాకా కాపాడుకుంటారు. నిమ్మజాతి తోటలకు తెగులు మోసే పురుగు వస్తుందన్న భయంతో ఆ దేశం కరివేపాకు రాకపోకల మీద ఆంక్షలు పెట్టింది. కాబట్టి ఒక రెమ్మ కోసం వాళ్ళు పడే తాపత్రయం అర్థం చేసుకోదగినదే. మా బావమరిది కొడుకు షికాగోలో అదే చేస్తాడు. అతని ఫోటోలు చూసే మా అమ్మాయికి మొదట ఈ ఆలోచన వచ్చింది. కానీ ఆ దేశంలోనే పేరున్న ఏరోగార్డెన్ సంస్థ 2025 జనవరి 1 నుంచి వ్యాపారం ఆపేస్తున్నట్టు ప్రకటించినప్పుడు, దాని గుళికలకే అలవాటు పడ్డవారి పాట్లు కూడా మనం గుర్తుంచుకోవాలి. ఏ గింజైనా వేసుకోవడానికి, ఏ కొట్లో ద్రావణమైనా పోసుకోవడానికి వీలున్న పెట్టే కొనమని మా పిల్లలకు చెబుతున్నాను. మళ్ళీ మళ్ళీ విత్తనం కొనవలసిన సంకర పత్తి వచ్చిన రోజుల్లో రైతులకు చెప్పిన జాగ్రత్తే ఇది.

మా నలుగురిలో ఒకరి పెట్టె ఇప్పుడు అటక మీద ఉంది. పంపు ఆగింది, అమ్మిన సంస్థకు ఫోను చేస్తే పలికినవారు లేరు. బోరు నీళ్ళు పోయడం వల్ల లవణాలు పేరుకుని అట్లా జరిగిందని నా అనుమానం. మన నగరపు బోరు నీళ్ళ కాఠిన్యం తెలియనిది కాదు. ద్రావణం ఆమ్లత (పీహెచ్) ఐదున్నర, ఆరున్నర మధ్య ఉండాలనీ, కొలవడానికి చిన్న పరికరం కావాలనీ పెట్టెతో వచ్చిన కాగితంలో చివరి పుటలో చిన్న అక్షరాల్లో ఉంది. కొంచెం చేసి చూడడానికి వీలుండాలన్న సూత్రం దగ్గర ఈ వస్తువు తప్పుతుంది. రైతు కొత్త వంగడాన్ని ముందు పావెకరంలో వేసి చూస్తాడు. ఇక్కడ మొత్తం డబ్బు ముందే పోసి, ఆ తరువాత నేర్చుకోవాలి. ఒక్క సీసా, గుప్పెడు మెంతులు, తడి గుడ్డ, కిటికీ: ఈ నాలుగింటితో పది రోజులు మొలకలు పెంచి చూసి, ఆ పది రోజులూ మరిచిపోకుండా నీళ్ళు మార్చగలిగినవారే పెట్టె కొనాలని నా సలహా. మా అమ్మాయి స్నేహితురాళ్ళలో ముగ్గురు ఈ పరీక్షలో నాలుగో రోజే తప్పారు, తొమ్మిది వేలు మిగుల్చుకున్నారు.

నా అసలు విన్నపం ప్రభుత్వానికీ మీ పత్రికకూ. పిల్లల్ని ఈ పెట్టె వైపు నెట్టినది అపనమ్మకమైతే, ఆ అపనమ్మకాన్ని తీర్చవలసిన బాధ్యత దీపాల కంపెనీది కాదు. కూరగాయల మీద మోనోక్రోటోఫాస్ వాడకాన్ని దేశంలో ఎప్పుడో నిషేధించారు. పురుగుమందుల అవశేషాలకు గరిష్ఠ పరిమితులు ఉన్నాయి. వాటిని పరీక్షించే కేంద్ర పథకం 2005-06 నుంచీ నడుస్తోంది. రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయానికి అవశేషాల ప్రయోగశాల ఉంది, నాచారంలో రాష్ట్ర ఆహార ప్రయోగశాల ఉంది. ఇంత ఉన్నా ఆ ఫలితాలు తోపుడు బండి ముందు నిలబడ్డ మనిషికి చేరవు. 1999 జనవరి 26న మొదలైన రైతుబజార్లలో మొదటి రోజు నుంచీ ఒక మంచి అలవాటుంది: ఆ రోజు ధరలు బోర్డు మీద రాస్తారు. అదే బోర్డు పక్కన ఇంకొక బోర్డు పెట్టి, గత వారం ఈ బజారులో ఏ కూరల నమూనాలు తీశారు, వాటిలో ఎన్ని పరిమితికి లోబడి ఉన్నాయి, ఏ ఊరి నుంచి వచ్చాయి అని తెలుగులో రాయడానికి కొత్త చట్టమేమీ అక్కర లేదు. ఆకుకూరలతో మొదలుపెడితే చాలు. పరిమితి దాటిన రైతును నలుగురిలో నిలబెట్టమని నేను అనడం లేదు, ఆ ఊరికి విస్తరణాధికారిని పంపమంటున్నాను. కోతకు ఎన్ని రోజుల ముందు మందు ఆపాలో చెప్పేవారు లేక తప్పు చేసే రైతులే ఎక్కువని నా అనుభవం.

ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006లోని నలభయ్యో సెక్షను ప్రకారం కొనుగోలుదారు ఎవరైనా నిర్ణీత రుసుము కట్టి తాను కొన్న పదార్థాన్ని ఆహార విశ్లేషకుడి చేత పరీక్ష చేయించుకోవచ్చు. నియమం తప్పినట్టు తేలితే రుసుము వెనక్కి ఇవ్వాలి. ఈ సంగతి నేను మాట్లాడిన నలుగురిలో ఎవరికీ తెలియదు. నలుగురూ పట్టభద్రులే, ఒకరు న్యాయశాస్త్రం చదివినవారు. ఇటువంటిది మీ అనుబంధంలో ఒక చిన్న గడి కట్టి వేస్తే, అర పుట నిండిన ఊదారంగు దీపాల ఫోటో కంటే ఎక్కువ పనికొస్తుంది. అట్లాగే ఇంటి తోటల గురించి ఇకముందు వ్యాసం వేసినప్పుడు, ఆ పెట్టె వెలుతురెంత, నెలకు దిగుబడెంత, గింజ, ద్రావణం ఎక్కడైనా దొరుకుతాయా అన్న మూడు ప్రశ్నలకు జవాబు కూడా వేయించమని మనవి.

ఇంతా రాసి నేను ఈ పెట్టెలకు విరోధినని అనుకోవద్దు. మా ఇంట్లో అది ఇప్పటికీ వెలుగుతోంది. జూన్ నెలలో ఒక ఆదివారం అమ్మాయి లెట్యూసు గుళికలు అయిపోయాయని కొత్తవి తెప్పించబోతుంటే, నేను నా దగ్గరున్న గుత్తివంకాయ గింజలు ఇచ్చాను. దీపం కింద నారు అంత గట్టిగా, అంత సమంగా లేవడం నా సర్వీసులో ఏ నారుమడిలోనూ చూడలేదు. మూడు వారాలకు నాలుగాకుల నారు అందింది. వాటిలో ఎనిమిదింటిని సంఘం కార్యదర్శి గారిని బతిమాలి, మిద్దె మీద నీళ్ళ ట్యాంకు పక్కన గ్రోబ్యాగుల్లో నాటాం. తాళంచెవి ఇప్పుడు ఉదయం ఆరు నుంచి ఏడు వరకు మా అమ్మాయి చేతిలో ఉంటుంది. మిగిలిన నాలుగు గుంటల్లో కొత్తిమీర వేసింది, అది మాత్రం వంటగదిలోనే.

ఇట్లు,
విశ్రాంత వ్యవసాయ విస్తరణాధికారి,
నిజాంపేట, హైదరాబాదు.